యాభై తలకట్లు

నూట పద్దెనిమిదో కత్తిని సానరాయి మీంచి తీసి, ఎర్లిందా జేబులోంచి గులాబీరంగు పల్చటి కాగితం ముక్క బయటికి లాగింది. ఎడమచేత్తో దాన్ని గాలిలో పట్టుకుని, కత్తిని మెల్లగా కిందికి దించింది. చప్పుడు లేకుండా కాగితం రెండు ముక్కలైంది. అంటే కత్తికి పదును వచ్చినట్టే. ఆ గదిలో మిగతావాళ్ళంతా అంచును బొటనవేలితో చూసుకుంటారు. మూడేళ్ళ కిందటి దాకా ఆమె కూడా అలాగే చూసేది. ఇప్పుడు ఎడమచేతి బొటనవేలితో సహా మూడు వేళ్ళకూ ఏది తగిలినా దూది తగిలినట్టే ఉంటుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే, వేలి కన్నా కాగితమే నాకు నమ్మకం అనేది.

పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. నెరిసిన జడను నెత్తిన చుట్టి దానిమీద ఫ్యాక్టరీవాళ్ళ తెల్లటి వలటోపీ పెట్టుకుంటుంది. కళ్ళజోడు జారిపోకుండా మెడ వెనక దారం. మోకాళ్ళ కిందకి వేలాడే పసుపుపచ్చ రబ్బరు ఏప్రన్. కార్వర్ ఫోర్క్ మాంసం ఫ్యాక్టరీలో కత్తులు సానబట్టే గదిలో ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమెది గోడపక్క రాయి. ఎన్ని లక్షల కత్తులు ఆ చేతి మీదుగా వెళ్ళాయో ఎవరికీ తెలియదు. ఈ రోజు ఆఖరి షిఫ్టు అని ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుకి మాత్రం తెలుసు. కేకులూ గీకులూ వద్దని అంతకు ముందే చెప్పింది. అతను హాయిగా ఊపిరి పీల్చుకుని సరేనన్నాడు.

చర్మాల సెక్షన్ నుంచి కొత్తగా చేరిన నియేవెస్ మొద్దుబారిన కత్తి మార్చుకోవడానికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. కత్తి తీసుకుని కూడా కదలకుండా, పెద్దావిడల్ని పిలిచే మర్యాద మాటతో మొదలుపెట్టింది.

"దోన్యా, ఒక్క మాట అడగనా? శనివారాలు చర్చి కింద మీరు కాగితాలు ఇస్తారట కదా?"

ఎర్లిందా నవ్వు బిగబట్టుకుంది. "ఎవరు చెప్పారు?"

"మా సెక్షన్లో అందరూ అంటున్నారు. కాగితాల దోన్యా అంటే మీరేనట."

"నేనే. సాయంత్రం ఐదింటికి మెయిన్ స్ట్రీట్‌కి రా. బ్యాంకు ముందు నిలబడి తల పైకెత్తి చూడు."

"ఫొటోలు తేవాలా?"

"ఏమీ తేవద్దు. ఆకలితో రా, చాలు."

ఈ ఊళ్ళో కాగితాలంటే రెండు అర్థాలు. సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు ఎప్పుడు పట్టుకుంటారో అని భయపడకుండా బతకడానికి కావలసిన అనుమతి పత్రాలు ఒకటి. ఎర్లిందా ఉలితో చెక్కే రంగు కాగితాలు ఇంకొకటి. రిజిస్టరులో సంఘం పేరు మెక్సికన్ కళా సాంస్కృతిక సంఘం. అంత పొడుగు పేరు ఎవరి నోరు తిరుగుతుంది? అందరూ 'కాగితాల వాళ్ళు' అనేశారు. దాంతో మొదటి పదేళ్ళలో సంఘానికి వచ్చినవాళ్ళలో సగం మంది మొదటి రకం కాగితాల కోసమే వచ్చారు. బేస్‌మెంట్ మెట్లు దిగి, ఆశగా చుట్టూ చూసి, దండెం మీద ఆరేసిన పూలూ పిట్టలూ కనబడగానే ముఖం వేలాడేసుకున్నారు. కొందరు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. ఇంకొందరు ఎలాగూ వచ్చాం కదా అని కాఫీ తాగి, తాగిన మొహమాటానికి ఒక కత్తెర పట్టుకుని, అక్కడే ఉండిపోయారు. ఇప్పటి ఉపాధ్యక్షుడు దోన్ కసిమీరో అలా ఉండిపోయినవాడే. ఇరవై ఒక్కేళ్ళ కిందట ఎడమచేతికి కట్టుతో దిగాడు. ఆ కట్టు విప్పితే మోచేతి దాకానే ఉంది చెయ్యి. ఫ్యాక్టరీలో రంపం దగ్గర పోయింది.

అధ్యక్షురాలు ఎర్లిందా. పాతికేళ్ళుగా ఆమే. ఎన్నికలు పెట్టకపోలేదు, ఏటా పెట్టారు. ఏటా ఎవరూ చెయ్యెత్తకపోతే ఆమే మళ్ళీ సంతకం పెట్టింది. పెద్ద విద్యావంతురాలేం కాదు. పుట్టింది పుయెబ్లా రాష్ట్రంలోని ఉయిష్కొలొత్లలో. ఆ ఊళ్ళో గడప గడపకీ సుత్తి చప్పుడే. యాభై కాగితాలు దొంతరగా పేర్చి, సీసపు పలక మీద మేకులతో బిగించి, పైన గీసిన బొమ్మ వెంట ఉలితో కొట్టుకుంటూ పోతే ఒక్క దెబ్బకు యాభై కాగితాలూ తెగుతాయి. తండ్రి నేర్పింది అదొక్కటే. పువ్వు ఎవడైనా కొడతాడు, అక్షరం మాత్రం చెయ్యి తిరిగినవాడే కొట్టాలని ఆయన అనేవాడు. ఆ మాట ఆమె మరీ గట్టిగా పట్టుకుంది. పాతికేళ్ళలో సంఘంలో ఎంతమంది పువ్వులు చెక్కినా, అక్షరాల మీద ఉలి ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

ఆమెకు కోరిక ఒక్కటే. బ్యాంకు మేడ నుంచి ధాన్యం కొట్టు దాకా, మెయిన్ స్ట్రీట్‌కి అడ్డంగా, తన అక్షరాలు గాలిలో ఊగాలి. బేస్‌మెంట్లో కాదు, బడి వరండాలో కాదు, అందరూ నడిచే వీధి మీద. ఇరవై నాలుగు సార్లు దరఖాస్తు పెట్టింది. కరెంటు తీగలన్నారు, నిప్పంటుకుంటుందన్నారు, ఒకసారి ఫారం రంగు మారిందన్నారు. ఈసారి కొత్తగా వచ్చిన గుమస్తా ఏమీ అడక్కుండా ముద్ర వేసి ఇచ్చేశాడు. శనివారం సాయంత్రం ఐదు నుంచి ఆదివారం సాయంత్రం ఐదు దాకా. ఒక్క రోజు.

ఆ ఒక్క రోజే ఆమెకూ ఉంది. ఆదివారం ఉదయం తొమ్మిది గంటల బస్సుకు టికెట్టు కొనుక్కుంది, ఒంటరిగా ఉన్న చెల్లెలి దగ్గరికి, ఉయిష్కొలొత్లకి, ఇక తిరిగి రాకుండా. తను వెళ్ళిపోతే అక్షరాలు కొట్టేవాళ్ళు లేరు, సంఘం కూడా తనతోనే ఆగిపోతుందని లోపల ఒక దిగులు. కనీసం ఒక్కసారి ఆ వీధి మీద ఊగి ఆగిపోతే బాగుంటుంది. టికెట్టు సంగతి ఒక్క ఒబ్దూలియాకే చెప్పింది. ఒబ్దూలియా సంఘానికి కార్యదర్శి, పైగా కొమాద్రే. అంటే ఎర్లిందా ఆమె పెద్ద కూతురికి జ్ఞానస్నానంలో తల్లిగా నిలబడింది. చెప్పిన రోజు నుంచి ఒబ్దూలియా అవసరమైన మాట తప్ప మాట్లాడటం లేదు.

ఒంటిగంటకి షిఫ్టు దిగి, ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి, ఎర్లిందా నేరుగా చర్చి బేస్‌మెంట్‌కి వచ్చింది. కసిమీరో అప్పటికే తన కుర్చీలో ఉన్నాడు. పెద్ద బల్లకి ఇవతల ఎర్లిందా కుర్చీ, అవతల అతనిది. ఇరవై ఏళ్ళుగా అవే చోట్లు. దారం ఒక కొస పళ్ళ మధ్య పట్టుకుని, ఇంకో కొస కుడిచేత్తో లాగుతూ పూలకాగితాలు గుచ్చుతున్నాడు. అతని మీసం చివర ఎప్పుడూ ఏదో ఒక రంగు దారప్పోగు ఉంటుంది. ఈ రోజు ఊదారంగుది. మూలన స్టవ్ మీద, మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఉడికించే తమాలెస్ కుండ. దాని పక్కన ఒబ్దూలియా, వీపు ఇటు పెట్టి.

"ఆఖరి కత్తి ఎవరికి ఇచ్చారు, దోన్యా?" అన్నాడు పళ్ళ మధ్య దారం తీయకుండానే.

"కాగితాల కోసం వచ్చిన ఆవిడకి."

"పాపం, ఇంకొకరు దొరికారన్నమాట."

బల్ల మీద నిన్న కొట్టి ముగించిన దొంతర ఉంది. ఎర్రటి కాగితాలు యాభై. చుట్టూ సన్నటి వల, వలలో తేలుతున్నట్టు పెద్ద అక్షరాలు. ముందు 25, తర్వాత రెక్కలు విప్పిన పావురం, ఆ తర్వాత AÑOS. ఆన్యోస్ అంటే సంవత్సరాలు, సంఘానికి నిండిన పాతికేళ్ళు. పావురం ఆమె తండ్రి బొమ్మ, ఆయన గీసింది గీసినట్టు.

ఎర్లిందా మేకులు పీకి, మొదటి కాగితాన్ని రెండు మూలలా పట్టుకుని లేపింది. అక్షరాలు లేచాయి. ఎన్ నెత్తిన ఉండాల్సిన వంకర తలకట్టు మాత్రం లేవలేదు. దొంతర మీదే పడుకుని ఉంది. రెండో కాగితం లేపింది. దాని తలకట్టూ కిందే ఉండిపోయింది. మూడోదీ అంతే.

తలకట్టు అంటే చిటికెన వేలంత కాగితం. కానీ అది ఉంటేనే ఎన్ కాస్తా 'న్య' అవుతుంది. లేకపోతే ఆన్యోస్ ఆనోస్ అయిపోతుంది. ఆనోస్ అంటే సంవత్సరాలు కావు. మనిషి కూర్చున్నప్పుడు కుర్చీకి ఆనే భాగం, అందులోనూ బయటికి అనకూడని చోటు. ఊరి నడివీధిలో, ఎర్రటి కాగితాల మీద, యాభైసార్లు, అవి ఇరవై ఐదు.

ఒబ్దూలియా ఏమిటా అని వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, పైకి చదివింది. ఆమె భుజాలు కదలడం మొదలైంది. వారం రోజులుగా బిగించుకున్న మూతి ఒక్కసారిగా విడిపోయి, కుర్చీ పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"కొమాద్రే, ఇరవై నాలుగేళ్ళు బతిమాలింది ఇవి చూపించడానికా? పాపం ఆ గుమస్తా ఉద్యోగం ఊడుతుంది."

నవ్వుతూ ఎర్లిందా వంక చూసి ఆగిపోయింది. ఎర్లిందా కూర్చుని ఉంది. ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుంది.

తలకట్టుని వలకి కలిపే చోట రెండు సన్నటి వంతెనలు వదలాలి. గోరంత వెడల్పు. అవి ఉంటేనే అది వేలాడుతుంది. నిన్న ఆఖర్లో ఉలి కాస్త జారినట్టు ఆమెకు అనిపించింది. వేళ్ళకి తెలియలేదు, చెవికి తెలిసింది, దెబ్బ చప్పుడు తేడాగా వచ్చింది. దొంతర లేపి చూసుకోవాలని తెలుసు. చూస్తే ఏం కనబడుతుందోనని చూడలేదు.

"తప్పు నాదే. వంతెనలు నేనే కోసేశాను. ఈ మూడు వేళ్ళూ మొద్దుబారి మూడేళ్ళయింది. మీకు చెప్పలేదు," అంది.

స్టవ్ మీద మూత అదురుతోంది.

"అతికిద్దాం," అంది ఒబ్దూలియా, ఈసారి మెత్తగా.

"జిగురుకి తడిసి కాగితం చిరుగుతుంది. నిలిచినా గాలికి ఊడుతుంది. ఒక్కటి ఊడినా చాలు, ఊరంతా ఆ ఒక్కటే చదువుతుంది."

"కొత్తది కొట్టు."

"రోజంతా పడుతుంది. చెయ్యి బాగుంటే." ఎర్లిందా గోడ గడియారం చూసింది. రెండు దాటింది. "పూలే కట్టండి. అక్షరాలు లేకపోయినా ఫరవాలేదు."

ఫరవాలేదని అన్న గొంతు ఎలా ఉందంటే, ఒబ్దూలియా వెళ్ళి స్టవ్ ఆపేసి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

కసిమీరో మాత్రం దొంతర వైపే చూస్తున్నాడు. అతను కూర్చున్న వైపు నుంచి అది తలకిందులుగా కనిపిస్తుంది. దారం నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"దోన్యా, కాగితంలోంచి తీయగలం గానీ పెట్టలేం. అంతే కదా?"

"అంతే."

"పావురం నిండు కాగితం కదా, వల కాదు? ఆ పావురంలోంచి కొంచెం తీసేస్తే ఎం వస్తుంది. ఆనోస్ ముందు ఎం పెడితే?"

ఒబ్దూలియా పెదవులు కదిలించి చూసుకుంది. "మానోస్."

మానోస్ అంటే చేతులు.

"ఇరవై ఐదు చేతులా?" అంది ఎర్లిందా. తండ్రి పావురం మీద చెయ్యి వేస్తారనే మాటకే ఆమెకు ఒళ్ళు మండింది. "ఎవరివండీ ఆ చేతులు? లెక్కయినా కుదరాలి కదా. పన్నెండున్నర మంది మనుషులా ఉన్నారు సంఘంలో?"

"పదముగ్గురం ఉన్నాం," అన్నాడు కసిమీరో. అని, ఖాళీగా వేలాడుతున్న ఎడమ చొక్కాచెయ్యిని కుడిచేత్తో పట్టుకుని పైకెత్తి చూపించాడు.

ఒబ్దూలియా వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. పదముగ్గురు. రెండేసి చొప్పున ఇరవై ఆరు. అందులో ఒకటి తీసేస్తే. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఎర్లిందా లెక్కపెట్టలేదు. ఆ ఖాళీ చొక్కాచెయ్యి వంకే చూస్తోంది. ఆమెకు నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి.

"సరే. ఎవరు కొడతారు? నా వేళ్ళు ఉలిని నిలబెట్టలేవు," అంది కళ్ళు తుడుచుకుని.

"ఉలి నేను పట్టుకుంటా. సుత్తి మీరు కొట్టండి. సుత్తికి వేళ్ళు అక్కర్లేదు, భుజం ఉంటే చాలు. మీ భుజం సంగతి ఫ్యాక్టరీ మొత్తానికి తెలుసు."

పాతికేళ్ళలో ఆ బల్ల మీద ఎవరూ అడగని మాట అది. ఎర్లిందా తన పెట్టె తెరిచింది. గుడ్డపీలిక చుట్టిన సన్న ఉలి తీసింది. తండ్రిది. చాలాసేపు చేతిలో ఉంచుకుంది. తర్వాత పిడి అటు తిప్పి కసిమీరోకి అందించింది.

విడదీసిన మూడు కాగితాలూ మళ్ళీ దొంతర మీద సరిచేసి, పాత మేకుల కన్నాల్లోనే మేకులు దించారు. ఆమె పావురం మీద పెన్సిలుతో అక్షరం గీసింది. కసిమీరో ఆమె పక్కకి వచ్చి ఉలి ఆనించి, ఆగి, దొంతర పక్కకి లాగాడు.

"ఏమిటి?"

"దీన్ని తిప్పాలి, దోన్యా. ఇరవై ఏళ్ళుగా మీ ఎదురుగా కూర్చుని చూశాను. నాకు అక్షరాలు తలకిందులుగానే వచ్చు."

తిప్పారు. ఎం కాస్తా డబ్ల్యూ అయింది. ఒబ్దూలియా మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. ఎర్లిందా కొయ్యసుత్తి ఎత్తింది. మొదటి దెబ్బ పడింది. ఉలి కదలలేదు. రెండో దెబ్బ, మూడో దెబ్బ. వంపు తిరిగే చోట అతను చెప్పకుండానే ఆమె దెబ్బ తేలిక చేసింది. వంతెన దగ్గర ఆమె చెప్పకుండానే అతను గోరంత వదిలాడు. పావురం రెక్కలు మెత్తటి చప్పుడుతో సీసం మీద పడుతుంటే ఆమె చూపు తిప్పుకోలేదు, సుత్తి ఆపలేదు.

"ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగింది, చివరి మూల అవుతుండగా.

"మీరు నేర్పలేదు కదా. చూసి దొంగిలించాను."

నాలుగుంబావుకి కాగితాలు విడదీశారు. యాభై ఎర్ర కాగితాలు, ఒక్కదానిలోనూ ఎం కదలలేదు. దారం మీద గుచ్చి చుట్టచుట్టి ముగ్గురూ వీధిలోకి పరిగెత్తినట్టే నడిచారు. సంఘంలో మిగతా పదిమందీ బ్యాంకు దగ్గర ఉన్నారు. నిచ్చెన లారీ మనిషి డ్వేన్, ఎర్రటి గడ్డం, నమిలే పుల్ల నోట్లో, ధాన్యం కొట్టు వైపు కొస కట్టి కిందికి దిగాడు. అంతలో గాలి వచ్చింది. కార్వర్ ఫోర్క్‌లో గాలికి కొదవ లేదు. దారం మొత్తం ఒక్కసారి లేచి, వీధికి అడ్డంగా ఎర్రగా పరుచుకుంది. సాయంత్రపు ఎండ ఆ వలలోంచి దిగి రోడ్డు మీద, కార్ల మీద, మనుషుల ముఖాల మీద అక్షరాల నీడలు వేసింది.

"ఏం రాశారు దాని మీద?" అన్నాడు డ్వేన్.

"ఇరవై ఐదు చేతులు," అన్నాడు కసిమీరో.

"ఇరవై ఐదేంటి? జత ఉండాలి కదా."

కసిమీరో ఖాళీ చొక్కాచెయ్యి ఎత్తి ఊపాడు. డ్వేన్ దాన్ని చూశాడు, పైకి చూశాడు, వరసగా నిలబడ్డ పదముగ్గుర్నీ చూశాడు. పుల్ల నోట్లోంచి తీసేశాడు. చేతితొడుగులు విప్పి లారీలో పడేసి చప్పట్లు కొట్టాడు. బ్యాంకు మెట్ల మీదివాళ్ళు అందుకున్నారు. కార్లు ఆపి చూస్తున్నవాళ్ళు హారన్లు కొట్టారు. ఈలోగా బ్యాంకు మేడ ఎక్కిన ఒబ్దూలియా, బల్ల మీంచి ఏరి తెచ్చినవి దోసిట్లో పట్టి కిటికీలోంచి వదిలింది. రాలిపోయిన యాభై తలకట్లు గాలిలో గింగిరాలు తిరుగుతూ జనం మీద పడ్డాయి. అవేమిటో తెలిసిన ముగ్గురికే ఎందుకు అంత నవ్వు వస్తోందో మిగతావాళ్ళకి తెలియలేదు.

నియేవెస్ బ్యాంకు ముందు తల పైకెత్తి నిలబడి ఉంది. చాలాసేపు చూసి, కసిమీరో వైపు తిరిగింది.

"కాగితాలంటే ఇవా?"

"ఇవే. నేనూ అలాగే వచ్చాను, ఇరవై ఒక్కేళ్ళ కిందట. కోపం వస్తే తిట్టి వెళ్ళిపో. ఆకలేస్తే అక్కడ తమాలెస్ ఉన్నాయి."

ఆమె కాసేపు ఎటూ తేల్చుకోలేదు. తర్వాత తమాలెస్ వైపు నడిచింది. "వచ్చే శనివారం కూడా ఉంటారా?" అంది రెండోది తింటూ. "పదింటికి రా," అన్నాడు కసిమీరో. "ఉలి పట్టుకుంటే నాకున్న ఒక్క చెయ్యీ అయిపోతుంది. సుత్తికి ఇంకో చెయ్యి కావాలి."

ఎర్లిందా వీధి మధ్యలో నిలబడి పైకే చూస్తోంది. ఆ వరుసలో ఒక్క అక్షరానికే ఉలి పట్టింది తను కాదు. అన్నిటి కన్నా అదే బాగుంది. ఒప్పుకోవడానికి కొంచెంసేపు పట్టింది గానీ, ఒప్పుకున్నాక ఆమెకు ఎంత తేలిగ్గా అనిపించిందంటే, జీవితంలో ఇంత సంతోషంగా ఎప్పుడున్నానా అని వెతుక్కుంటే ఏదీ తట్టలేదు.

మర్నాడు తొమ్మిదింటి బస్సు దగ్గరికి ఒబ్దూలియా ఒక్కతే వచ్చింది. వేడి తమాలెస్ పొట్లం చేతిలో పెట్టింది. "వెళ్ళు, కొమాద్రే. అక్కడ ఎవరికీ ఆనోస్ సంగతి చెప్పకు," అంది. ఎర్లిందా బేస్‌మెంట్ తాళంచెవి ఆమెకిచ్చి, ఆమెను గట్టిగా పట్టుకుని, బస్సెక్కింది. మెయిన్ స్ట్రీట్ మీదుగా తప్ప ఆ బస్సుకి దారి లేదు. కిటికీ అద్దానికి చెంప ఆనించి, తన కాగితాల కిందుగానే ఆమె ఊరు దాటింది.

శనివారం పదింటికి కసిమీరో బేస్‌మెంట్ మెట్లు దిగి లైటు వేశాడు. బల్ల తుడిచి ఉంది. అతని కుర్చీ ముందు, అతని చేతికి అందే చోట, గుడ్డపీలిక చుట్టిన ఉలి ఉంది. దాని పక్కనే కొయ్యసుత్తి, పిడి అతని వైపు కాకుండా, ఎదురుగా ఖాళీగా ఉన్న ఎర్లిందా కుర్చీ వైపు తిప్పి పెట్టి ఉంది.